కనూ యాత్రలో కార్చిచ్చు: నీటి దారుల మీద ప్రాణరక్షణ

కనూ అంటే రెండు కొసలూ సన్నగా ఉండి, తెడ్లతో నడిపే తేలికపాటి పడవ. ఒక సరస్సు దాటాక దాన్ని భుజాలకెత్తుకుని కాలిదారిన నడిచి, మరో సరస్సులో దించి, మళ్లీ తెడ్డు వేస్తూ రోజుల తరబడి అడవిలో సాగించే ప్రయాణాన్ని కనూ యాత్ర అంటారు. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రపు ఈశాన్య కొసన, కెనడా సరిహద్దును ఆనుకుని ఉన్న బౌండరీ వాటర్స్ కనూ ఏరియా వైల్డర్‌నెస్ ఇందుకు పేరుమోసిన చోటు. సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో భాగమైన ఈ అరణ్యం విస్తీర్ణం సుమారు 11 లక్షల ఎకరాలు. అందులో వెయ్యికి పైగా సరస్సులు, యాత్రికుల కోసం గుర్తించిన దాదాపు 2,000 మకాం స్థలాలు ఉన్నాయి. సరిహద్దుకు అవతల, ఒంటారియోలో, క్వెటికో ప్రొవిన్షియల్ పార్క్ ఇదే అడవికి కొనసాగింపు. లోపల రోడ్లు లేవు. చాలా సరస్సుల్లో మోటారు పడవలు నిషేధం. సెల్‌ఫోన్ పనిచేయదనుకుని బయల్దేరడమే మంచిది. మినియాపొలిస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఈ అడవి కొన్ని గంటల కారు ప్రయాణంలోనే ఉంది.

చుట్టూ నీళ్లే ఉన్న చోట మంటకు భయపడడం ఎందుకని చాలామందికి తోస్తుంది. మంట వస్తే సరస్సు మధ్యకు వెళ్లి కూర్చోవచ్చన్న నమ్మకమే ఆ ధీమాకు మూలం. అందులో కొంత నిజం ఉంది. కానీ ప్రాణం మొత్తాన్ని ఆ నమ్మకం మీద పెట్టలేం. ఈ అడవుల్లో గత నూట యాభై ఏళ్లలో రేగిన పెద్ద మంటలను వరసగా చూస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. నీరు ఆఖరి ఆశ్రయం మాత్రమే. ఆ ఆశ్రయం అవసరపడే స్థితికి రాకముందే, ఒక రోజు ముందుగా, కొన్నిసార్లు ఒక వారం ముందుగా తీసుకున్న నిర్ణయమే మనుషుల్ని కాపాడుతుంది. మంట ఎలా కదులుతుంది, పడవ ఎలా కదులుతుంది, ఆపద ముందుగా ఏయే గుర్తులు చూపుతుంది అన్న మూడింటినీ కలిపి చూస్తే ఈ మాట ఎందుకు నిజమో తెలుస్తుంది.

మంటతో పెరిగిన అడవి

ఈ అడవికి మంట కొత్త కాదు. అటవీ పర్యావరణ శాస్త్రవేత్త మైరన్ హైన్సెల్‌మాన్ చెట్ల వయసులనూ, కాండాల మీద మిగిలిన కాలిన మచ్చలనూ లెక్కగట్టి, శతాబ్దాల వెనక్కి వెళ్లి, ఏ ఏట ఎక్కడెక్కడ మంట పాకిందో పటాలు తయారుచేశారు. వలసవాసులు రాకముందు, సుమారు వందేళ్ల కాలంలో ఈ అడవి మొత్తం విస్తీర్ణానికి సమానమైన భూమి కాలుతూ వచ్చిందని 1973లో ప్రచురించిన అధ్యయనంలో ఆయన తేల్చారు. చెట్లు కూడా ఆ లయకు అలవాటు పడ్డాయి. జాక్ పైన్ కాయలు జిగురుతో బిగుసుకుపోయి ఏళ్ల తరబడి కొమ్మలనే పట్టుకుని ఉంటాయి. మంట వేడికి ఆ జిగురు కరిగాక విచ్చుకుని, చల్లారిన బూడిద మీద గింజలు రాలుస్తాయి. కాబట్టి ఈ అడవిలోకి అడుగుపెట్టే యాత్రికుడు మంటను ఎప్పుడో జరిగే ప్రమాదంగా కాక, ఈ నేల స్వభావంగా లెక్కలోకి తీసుకోవాలి.

తెలుగు పాఠకుడు ఇక్కడ ఒక తేడాను గమనించాలి. నల్లమలలో ఎండాకాలం రేగే కార్చిచ్చు చాలావరకు రాలిన ఆకుల మీద, ఎండుగడ్డి మీద పాకే నేలమంట. పచ్చికొమ్మలు విరిచి మంటను కొట్టి ఆర్పే అటవీ సిబ్బంది దృశ్యం మనకు తెలిసినదే. ఉత్తరాది సూదాకు అడవి మంట వేరు. స్ప్రూస్, బాల్సం ఫర్ చెట్ల కొమ్మలు నేలదాకా వంగి ఉంటాయి, ఆకుల నిండా మండే జిగురు ఉంటుంది. నేల మీది మంట ఆ కొమ్మల్ని పట్టుకుని పైకెక్కి, చెట్ల తలల మీదుగా పరుగెడుతుంది. అప్పుడు మంట ఎత్తు చెట్ల ఎత్తును మించిపోతుంది. మంట లేపిన వేడిగాలి మండుతున్న బెరడు ముక్కల్ని, కాయల్ని పైకి విసిరి, కొన్నిసార్లు కిలోమీటరుకు పైగా అవతల పడేస్తుంది. మంటకూ మనకూ మధ్య ఒక సరస్సు ఉందన్న నిబ్బరం ఇక్కడే సడలుతుంది: నిప్పురవ్వలు నీటి మీదుగా ఎగిరి అవతలి ఒడ్డున కొత్త మంట రాజేస్తాయి. దీవులు కూడా అలాగే అంటుకుంటాయి.

దీనికి తోడు, 1999 జులై 4న వీచిన పెనుగాలి సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్‌లో దాదాపు 4.8 లక్షల ఎకరాల్లో చెట్లను పడగొట్టింది. ఆ రోజు అడవిలో ఉన్న యాత్రికుల్లో సుమారు 60 మంది గాయపడ్డారు. కాలిదారులు కూలిన మానులతో మూసుకుపోయాయి. ఎండిన కలప గుట్టలు తర్వాతి ఏళ్లలో మంటలకు మేత అయ్యాయి. 2006లో కావిటీ లేక్ మంట 30,000 ఎకరాలకు పైగా కాల్చింది. మరుసటి ఏడు మే నెలలో హామ్ లేక్ మంట సరిహద్దుకు రెండు వైపులా కలిపి సుమారు 75,000 ఎకరాలను బూడిద చేసింది. ఒక ఏడు వచ్చిన గాలివాన ఎనిమిదేళ్ల తర్వాతి మంటను నిర్ణయించిందంటే, ఎప్పుడు ఎంత ప్రమాదమో ముందుగా అంచనా వేయడానికి ఆధారాలు ఉన్నాయనే అర్థం.

నీరు కాపాడిందా?

నీటి గురించి చరిత్ర ఇచ్చే సాక్ష్యం రెండు వైపులా ఉంది. 1871 అక్టోబర్ 8 రాత్రి విస్కాన్సిన్ రాష్ట్రంలోని పెష్టిగో పట్టణాన్ని కార్చిచ్చు మింగేసింది. మొత్తం మృతుల సంఖ్యను 1,200 నుంచి 2,500 దాకా అంచనా వేస్తారు. నదిలోకి దిగి, గంటల తరబడి తల మీద నీళ్లు చల్లుకుంటూ నిలబడ్డవాళ్లు అనేకులు బతికారు. ఆ నీళ్లలోనే చలికి బిగుసుకుపోయి, మునిగిపోయి చనిపోయినవాళ్లూ ఉన్నారు. 1894 సెప్టెంబర్ 1న మిన్నెసోటాలోని హింక్లీ పట్టణం కాలిపోయినప్పుడు 418 మంది మరణించారు. రైలు డ్రైవర్ జేమ్స్ రూట్ మంటల మధ్య రైలును వెనక్కి నడిపి స్కంక్ లేక్ అనే లోతులేని బురద మడుగుకు చేర్చగా, అందులో పడుకుని సుమారు 300 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. కంకర తవ్విన గోతిలోని నీళ్లలో మరో వంద మంది దాకా బతికారు. అదే రోజు ఊరి దగ్గరి చిత్తడి నేల వైపు పరుగెత్తినవాళ్లలో వందమందికి పైగా అక్కడే చనిపోయారు. ఒకే ఊరు, ఒకే మంట, అందరూ తడి ఉన్న వైపే పరుగెత్తారు. ఫలితాలు మాత్రం ఇంత వేరుగా వచ్చాయి.

కనూ యాత్రికులకు వీటన్నిటికన్నా దగ్గరి ఉదాహరణ 1911 జులై 11న ఒంటారియోలో జరిగిన పోర్కుపైన్ మంట. బంగారు గనుల కోసం అడవి మధ్య కొత్తగా వెలిసిన ఊళ్లను అది చుట్టుముట్టింది. అధికారిక లెక్క ప్రకారం 73 మంది చనిపోయారు. పోర్కుపైన్ సరస్సులోకి దిగి, పడవలెక్కి బతికినవాళ్లు చాలామందే. మంటతో పాటు వచ్చిన గాలి లేపిన అలల్లో మునిగి చనిపోయినవాళ్లు కూడా తక్కువేమీ కాదు. మంటను తరిమే గాలే సరస్సును కూడా చిలుకుతుందన్న సంగతిని ఈ ఘటన తిరుగులేకుండా చెబుతోంది. మంట ఉద్ధృతంగా ఉన్న రోజంటే గాలి బలంగా ఉన్న రోజే. కనూ నడపడానికి అన్నిటికన్నా కష్టమైన రోజు కూడా అదే. నీటి ఆశ్రయం ఎప్పుడు ఎక్కువ అవసరమో, అప్పుడే అది ఎక్కువ ప్రమాదకరంగా మారుతుంది.

పగామీ క్రీక్, 2011

ఈ మాటకు మన కాలపు నిదర్శనం పగామీ క్రీక్ మంట. 2011 ఆగస్టు 18న ఈలీ పట్టణానికి తూర్పున, అడవి లోపల, ఒక పిడుగు వల్ల అది మొదలైంది. ప్రకృతి సహజంగా పుట్టిన మంటను వైల్డర్‌నెస్‌లో పరిమితుల మధ్య మండనివ్వవచ్చన్న విధానం ప్రకారం అటవీ శాఖ మొదట దాన్ని కనిపెట్టి చూసింది. వారాల తరబడి అది నెమ్మదిగానే కదిలింది. ఆగస్టు, సెప్టెంబర్ నెలల ఎండకు అడవి ఎండుతూ పోయింది. సెప్టెంబర్ 12న పొడి శీతల వాయుముఖం దాటుతూ బలమైన గాలిని వెంట తెచ్చింది. ఆ ఒక్క రోజులోనే మంట సుమారు 16 మైళ్లు, అంటే 26 కిలోమీటర్ల దాకా దూసుకుపోయింది. చివరికి కాలిన విస్తీర్ణం దాదాపు 93,000 ఎకరాలకు చేరింది. పొగ మిషిగన్ సరస్సు పొడవునా సాగి షికాగో నగరం దాకా వెళ్లింది.

ఆ మధ్యాహ్నం ఇన్సులా సరస్సు ప్రాంతంలో అటవీ శాఖ సిబ్బంది మకాం స్థలాల్లో యాత్రికులు మిగిలారేమో చూసి పంపే పనిలో ఉన్నారు. మంట వాళ్ల అంచనాకన్నా ముందే వచ్చేసింది. పొగతో పగలే చీకటి కమ్మింది, దారి కనబడలేదు, ఎదురుగాలికి, అలలకు పడవ నడవలేదు. ఇద్దరు పడవ వదిలి చల్లటి నీళ్లలోకి దిగారు. లైఫ్ జాకెట్ల మీద తేలుతూ, అగ్నిమాపక సిబ్బంది వెంట ఉంచుకునే అల్యూమినియం పొర గల ఫైర్ షెల్టర్ ఒకదాన్ని ఇద్దరూ కలిసి తల మీద కప్పుకున్నారు. పైన నిప్పురవ్వలు, కింద వణికించే నీళ్లు, రెండు చేతులతో గట్టిగా పట్టుకున్న ఒక రేకు గుడ్డ: వాళ్లకు మిగిలిన రక్షణ అంతే. మరో నలుగురు చెట్లు లేని చిన్న రాతి దీవిని పట్టుకుని అక్కడే షెల్టర్ల కింద పడుకున్నారు. అందరూ బతికారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వీళ్లు శిక్షణ ఉన్నవాళ్లు, రేడియోలు ఉన్నవాళ్లు, ఆ సరస్సు తెలిసినవాళ్లు, ఫైర్ షెల్టర్ చేతిలో ఉన్నవాళ్లు. మామూలు యాత్రికుడి సామానులో షెల్టర్ ఉండదు. వాళ్లకే అంత ఇరుకున పడ్డ ఆశ్రయాన్ని, పిల్లలతో వెళ్లే కుటుంబం తన ప్రధాన ప్రణాళికగా పెట్టుకోకూడదు.

వేగాల లెక్క

మంట కన్నా ముందు పోలేమా అన్న ప్రశ్నకు జవాబు లెక్కలోనే ఉంది. ప్రశాంతమైన నీటి మీద కనూ గంటకు ఐదు కిలోమీటర్ల దాకా నడుస్తుంది. మధ్యలో కాలిదారులు వస్తే సగటు వేగం సగానికి పడిపోతుంది. పోర్టేజ్ అని పిలిచే ఈ దారుల పొడవును ఇక్కడ రాడ్లలో కొలుస్తారు. ఒక రాడ్ అంటే 16.5 అడుగులు, ఇంచుమించు ఒక కనూ పొడవు. 320 రాడ్లు ఒక మైలు. 160 రాడ్ల దారి అంటే అర మైలు, 800 మీటర్లు. సామాను ఎక్కువై రెండు విడతలుగా మోసేవాళ్లు ఆ దారిలో ఒకసారి బరువుతో వెళ్లి, ఖాళీగా వెనక్కి వచ్చి, మళ్లీ బరువుతో వెళ్లాలి. 800 మీటర్లు 2.4 కిలోమీటర్లవుతుంది. రాళ్లూ వేళ్లూ ఉన్న దారిన దానికి గంట దాకా పడుతుంది. ఆ గంటసేపూ యాత్రికుడు నీటికి దూరంగా చెట్ల మధ్యలో ఉంటాడు. తల మీద బోర్లించిన పడవ వల్ల ముందు నాలుగడుగుల నేల తప్ప ఆకాశం కనబడదు, పొగ ఏ వైపు తిరిగిందో తెలియదు. మొత్తం యాత్రలో మంటకు దొరికిపోయే అవకాశం ఎక్కువగా ఉన్న ఘడియలు ఇవే. పగామీ క్రీక్ మంట ఒక్క రోజులో పోయిన దూరం మామూలు బృందానికి ఒకటి రెండు రోజుల ప్రయాణం. కాబట్టి మంట ముందు పరుగెత్తి గెలవడం లెక్క ప్రకారమే అసాధ్యం. దాని దారిలోంచి పక్కకు తప్పుకోవడం సాధ్యం. అదీ వేళ మించకముందే.

ఎంత వెడల్పు నీరు చాలన్నది కూడా లెక్కే. అమెరికా అటవీ శాఖ పరిశోధకులు బ్రెట్ బట్లర్, జాక్ కోహెన్ 1998లో సూచించిన ప్రమాణం ప్రకారం, రక్షణ దుస్తుల్లో ఉన్న అగ్నిమాపక సిబ్బంది మంట ఎత్తుకు కనీసం నాలుగు రెట్ల దూరంలో ఉండాలి. చెట్ల తలల మీద లేచే మంట 40 మీటర్లుంటే, ఆ దూరం 160 మీటర్లు. ఇది సమతల నేల మీద, మంట నుంచి నేరుగా తగిలే వేడిని మాత్రమే లెక్కలోకి తీసుకున్న ప్రమాణం. గాలి మోసుకొచ్చే వేడి, పొగ, రవ్వలు దీనికి అదనం. పైగా సరస్సు మధ్య ఉన్నవాళ్లకు రెండు ఒడ్లూ అంటుకోవచ్చు. అంటే అర కిలోమీటరు వెడల్పు లేని నీటిని గట్టి ఆశ్రయంగా భావించడం కష్టం. పటం మీద నీలంగా కనిపించే సన్నని వాగులు, నాచు, రెల్లు పట్టిన చెరువులు, రెండు సరస్సులను కలిపే ఇరుకు కాలువలు ఈ లెక్కకు నిలబడవు.

ఆపద ముందుగా చెప్పే గుర్తులు

ఇంత వేగంగా వచ్చే మంటను ముందుగా పసిగట్టడం అయ్యే పనేనా? అవుతుంది. ఎందుకంటే మంట పరుగు గంటల్లో జరిగినా, దానికి కావలసిన సరంజామా వారాల తరబడి సమకూరుతుంది. కెనడా వాడే ఫైర్ వెదర్ ఇండెక్స్ అడవి నేలను మూడు పొరలుగా చూస్తుంది. పైనున్న సన్నని ఎండుటాకుల తేమ ఒక్క రోజులోనే మారిపోతుంది. దాని కింద కుళ్లుతున్న పొరకు దాదాపు 12 రోజులు పడుతుంది. అడుగున ఉన్న దట్టమైన పొర ఎండడానికి 50 రోజులకు పైగా కావాలి. అడుగు పొర ఎండిన ఏడు ఒక చిన్న జల్లు పడినంత మాత్రాన ప్రమాదం పోదు. పైపొర తడిసి రెండు రోజుల్లో మళ్లీ ఎండుతుంది. అందువల్ల యాత్రకు నెల ముందు నుంచే ఆ ప్రాంతపు అనావృష్టి స్థితిని, అగ్నిప్రమాద స్థాయిని గమనించాలి. వసంతంలో, కొత్త ఆకు పుట్టకముందు, ఏప్రిల్ చివర నుంచి మే దాకా ఒక ప్రమాద కాలం. వేసవి చివర ఆగస్టు, సెప్టెంబర్ మరొకటి. హామ్ లేక్ మంట మొదటి కాలంలోనూ, పగామీ క్రీక్ రెండో కాలంలోనూ రేగాయి.

వారాల గుర్తుల తర్వాత వచ్చేవి రోజుల గుర్తులు. బయల్దేరే ముందు రోజు అటవీ కార్యాలయంలో ఏయే మంటలు ఎక్కడున్నాయి, ఏ దారులు మూశారు, రాబోయే శీతల వాయుముఖం ఎప్పుడు దాటుతుంది అన్నవి తెలుసుకోవాలి. వాయుముఖం దాటేటప్పుడు గాలి దిశ మారుతుంది. అంతవరకూ మంటకు పక్కగా ఉన్నవాళ్లు ఒక్కసారిగా మంటకు ఎదుట పడతారు. ఇక మిగిలినవి గంటల గుర్తులు. తెల్లవారుజామున చల్లని గాలి పొగను నేలకు తొక్కి ఉంచుతుంది, మంట నిద్రపోయినట్టే ఉంటుంది. పొద్దెక్కాక గాలి వేడెక్కి పొగ పైకి లేస్తుంది, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా మంట బలం పుంజుకుంటుంది. పొగ స్తంభం నిటారుగా లేస్తూ నల్లబడుతుందా, మన వైపు వాలుతోందా, బూడిద రాలుతోందా, రాలినవి చల్లగా ఉన్నాయా మండుతున్నాయా అని చూడాలి. మండే ముక్కలు పడుతున్నాయంటే నిర్ణయం తీసుకునే వేళ దాటిపోయింది. పొగ ఉన్న రోజుల్లో తెల్లవారగానే తెడ్డు వేసి, మధ్యాహ్నానికల్లా పెద్ద సరస్సు ఒడ్డున మకాం వేయడం ఈ అడవిలో సులువుగా పాటించదగ్గ జాగ్రత్త.

దారి, మకాం, ఆఖరి ఆశ్రయం

ముందస్తు నిర్ణయం దారిని ఎంచుకోవడంతోనే మొదలవుతుంది. పొడవైన పోర్టేజ్‌ల వెనక, ఒకే వైపు నుంచి రాకపోకలున్న చిన్న సరస్సుల గొలుసులోకి అనావృష్టి ఏట వెళ్లకూడదు. బయటపడడానికి కనీసం రెండు దారులుండాలి. అవి రెండూ ఒకే గాలి దిశకు మూసుకుపోయేవి కాకూడదు. ప్రతి రోజు ప్రయాణంలో దగ్గరి పెద్ద సరస్సు ఏది, చెట్లు లేని రాతి దీవి ఎక్కడుంది, ఇటీవల కాలిన ప్రాంతం ఏది అని పటం మీద గుర్తు పెట్టుకోవాలి. ఇంతకుముందే పూర్తిగా కాలిన నేల మళ్లీ సులువుగా కాలదు. అయితే అక్కడ నిలబడి ఉన్న మోడులు గాలికి కూలుతాయి కాబట్టి వాటి కింద నిలవకూడదు. మకాం దగ్గర కనూను నీటి అంచుకు దగ్గరగా, తెడ్లు, లైఫ్ జాకెట్లు అందులోనే ఉండేలా కట్టాలి. పటం, మందులు, నీళ్లు, ఉన్ని దుస్తులు ఒకే సంచిలో ఉంటే మిగతా సామాను వదిలేసి నిమిషాల్లో బయల్దేరవచ్చు. నైలాన్ దుస్తులు రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. ఉన్ని అలా కరగదు.

అన్నీ తప్పి, మంట చుట్టుముడితే ఏం చేయాలో సుపీరియర్ నేషనల్ ఫారెస్ట్ యాత్రికులకు స్పష్టంగా చెప్పింది. లైఫ్ జాకెట్ వేసుకుని పెద్ద సరస్సు మధ్యకు వెళ్లాలి, కనూను బోర్లించి దాని కిందికి చేరాలి, అక్కడ చిక్కుకున్న చల్లటి గాలి పీల్చాలి, తడిగుడ్డ కప్పుకోవాలి. కూలే చెట్లకు దూరంగా నీళ్లలో ఉండడం మంటలో ఉండడం కన్నా ఎన్నో రెట్లు మేలన్నది నిస్సందేహం. దాని హద్దులు కూడా తెలిసి ఉండాలి. నీటిలో శరీరం గాలిలోకన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడి కోల్పోతుంది. మే నెలలోనూ సెప్టెంబర్‌లోనూ ఈ సరస్సులు చలితో ప్రాణం తీయగలవు. తడిగుడ్డ రవ్వల్ని ఆపుతుంది గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను ఆపదు. పిల్లలు, వృద్ధులు, ఉబ్బసం ఉన్నవాళ్లు అలలున్న చీకటిలో బోర్లించిన పడవను పట్టుకుని ఎంతసేపు ఉండగలరో ముందుగా ఆలోచించాలి. ఈ పద్ధతిని నేర్చుకోవాలి, దాని అవసరం రాకుండా యాత్రను నడుపుకోవాలి.

యాత్రికుడు రాజేసే నిప్పు

కార్చిచ్చు నుంచి తప్పించుకోవడం ఎంత ముఖ్యమో, దాన్ని పుట్టించకపోవడం అంతకన్నా ముఖ్యం. హామ్ లేక్ మంటకు మూలం అదుపు తప్పిన ఒక చలిమంట. అది గన్‌ఫ్లింట్ ట్రైల్ అనే రోడ్డు వెంట 140కి పైగా కట్టడాలను కాల్చింది. బౌండరీ వాటర్స్‌లో ప్రతి మకాం దగ్గరా ఇనుప చట్రం ఉన్న పొయ్యి ఉంటుంది. చలిమంట అందులోనే వేయాలి, మణికట్టు లావుకు మించని ఎండుపుల్లలతో చిన్నగా వేయాలి. ఆర్పేటప్పుడు నీళ్లు ధారాళంగా పోసి, బూడిదను కలియబెట్టి, మళ్లీ పోసి, చేతి వెనక భాగంతో వేడి చూడాలి. వేడి తగిలితే అది ఇంకా ఆరనట్టే. ఈ అడవుల్లో మట్టి పొర పలచన. కుళ్లిన ఆకులు, వేళ్ల మధ్య నిప్పు రోజుల తరబడి రాజుకుని, గాలి వీచిన రోజున పైకి లేవగలదు. నిషేధం ఉన్న రోజుల్లో గ్యాస్ స్టౌ మీద వండుకోవడంతో సరిపెట్టుకోవాలి. బయట నుంచి వచ్చే మంటకు భయపడే యాత్రికుడు, తాను వదిలి వెళ్లిన పొయ్యి వెనక వచ్చే బృందానికి అదే భయమని గుర్తించాలి.

అభ్యంతరాలు, సమాధానాలు

ముందుగా వెనుదిరగాలన్న వాదనకు మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది, ఉపగ్రహ సంకేత పరికరాలు వచ్చాక సాయం ఒక మీట దూరంలో ఉందనేది. ఆ పరికరం తప్పకుండా వెంట ఉండాలి. వాతావరణ హెచ్చరికలు, దారి మూసివేత కబుర్లు దాని ద్వారా అందుతాయి, గాయపడ్డవాళ్లకు అది ప్రాణదాత. కానీ ఈ అడవిలో సాయం వచ్చేది నీటి మీద వాలే చిన్న విమానంలో. పైలట్‌కు నీరు కనబడాలి, అలలు తక్కువుండాలి. మంట ఉద్ధృతంగా ఉన్న మధ్యాహ్నం ఆ రెండూ ఉండవు. సంకేతం చేరినా సాయం చేరకపోవచ్చు. పరికరాన్ని సమాచారం కోసం వాడుకోవాలి, మొండిధైర్యానికి పూచీగా వాడకూడదు.

రెండో అభ్యంతరం, ప్రతి మంటనూ పుట్టగానే ఆర్పేస్తే యాత్రికులకు ఈ బెడద ఉండదు కదా అన్నది. పగామీ క్రీక్ తర్వాత ఈ ప్రశ్న గట్టిగానే లేచింది, అందులో న్యాయం లేకపోలేదు. అనావృష్టి ముదురుతున్న వేళ ఏ మంటను మండనివ్వాలన్నది అధికారులు పదే పదే పరీక్షించుకోవలసిన నిర్ణయం. అయితే దశాబ్దాల పాటు మంటల్ని ఆర్పుతూ పోవడం వల్లే బాల్సం ఫర్ వంటి చెట్లు ఒత్తుగా పెరిగి, నేలమంట పైకెక్కడానికి నిచ్చెనలయ్యాయి. పైగా ఆర్పడం అన్నిసార్లూ మనిషి చేతిలో లేదు. 2023లో కెనడాలో దాదాపు 1.5 కోట్ల హెక్టార్లు కాలాయి. అంతటి ఏట ఏ దేశపు సిబ్బందీ ప్రతి మంటనూ చేరుకోలేరు. 2021 ఆగస్టులో మంటల వల్ల బౌండరీ వాటర్స్ మొత్తాన్నీ మూసేశారు. 1976 తర్వాత అలా మూయడం అదే మొదటిసారి. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఇలాంటి ఏళ్లు పెరుగుతాయి. ఆర్పేవాళ్ల మీద భారం వేసి యాత్రికుడు తన బాధ్యతను వదులుకోలేడు.

మూడోది బలమైన అభ్యంతరం. ఏటా సుమారు లక్షన్నర మంది ఈ అడవికి వస్తారు. మంటకు బలైనవాళ్లు అరుదు. నీట మునగడం, చలి, కూలే చెట్లు అంతకన్నా పెద్ద ప్రమాదాలు. అలాంటప్పుడు పొగ కనబడగానే తిరుగుముఖం పట్టడం అతి జాగ్రత్త కాదా? మంట వల్ల ప్రాణనష్టం అరుదన్న మాట నిజమే. అది అరుదుగా ఉండడానికి కారణం మాత్రం ముందుగా దారులు మూయడం, సిబ్బంది మకాం మకాంకూ తిరిగి యాత్రికుల్ని పంపేయడం, యాత్రికులు మాట విని బయటికి రావడం. పగామీ క్రీక్ దగ్గర ఆ సిబ్బంది ఆపదలో పడింది కూడా ఈ పనిలోనే. ముందుచూపు వల్ల తక్కువైన ప్రమాదాన్ని చూపించి ముందుచూపు అక్కర్లేదనడం సరికాదు. పైగా దూరంలో కనిపించే ప్రతి పొగకూ పారిపోవాలని ఎవరూ అనడం లేదు. నేల ఎంత ఎండింది, గాలి ఎటు మారబోతోంది, మన వెనక ఎంత పెద్ద సరస్సు ఉంది అన్న మూడు ప్రశ్నలకు జవాబు చూసుకుని నిర్ణయించమనే ఈ వాదన. జవాబులు అనుకూలంగా ఉంటే యాత్ర సాగించవచ్చు.

వెనుదిరగడానికి అసలు అడ్డంకి తెలివి లేకపోవడం కాదు, పెట్టిన ఖర్చు. నెలల ముందు పర్మిట్ తీసుకుని, సెలవు పెట్టుకుని, పడవ అద్దెకు తీసుకుని, ఎంతో దూరం వచ్చాక ఇంకొక్క రోజు చూద్దామనిపిస్తుంది. ఆ ఒక్క రోజే ఈ అడవిలో సురక్షితంగా బయటపడడానికీ నీళ్లలో షెల్టర్ కప్పుకోవడానికీ మధ్య తేడా. అందుకే ఏ స్థితి వస్తే వెనుదిరగాలో బృందమంతా ఇంటి దగ్గరే, ఎవరి మీదా ఒత్తిడి లేనప్పుడు, మాట్లాడుకుని కాగితం మీద రాసుకోవాలి. ఫలానా స్థాయి హెచ్చరిక వస్తే, ఫలానా దిక్కున పొగ స్తంభం లేస్తే, బృందంలో ఒక్కరైనా ముందుకు వెళ్లొద్దంటే, తిరిగి వస్తామని ముందే ఒప్పుకోవాలి. ప్రమాద స్థాయి పెరిగినప్పుడు పర్మిట్ సొమ్ము తిరిగి ఇవ్వడం, అద్దె పడవల వ్యాపారులు తేదీలు మార్చుకోనివ్వడం కూడా ప్రాణరక్షణ చర్యలే. వాటిని అలా గుర్తించి విధానాల్లో చేర్చాలి. సరస్సు, అడవి, కాలిదారి మరో ఏడు కూడా అక్కడే ఉంటాయి. చేజారిన సెలవును మళ్లీ పెట్టుకోవచ్చు.